ఆఖరి కడుగు నీళ్ళు

ఈస్టర్ వెళ్ళిన మరుసటి ఆదివారం ఎతేరి ఇంట్లో బానలు తెరుస్తున్నారని జుంబెర్‌కి కబురు వచ్చింది. పిలిచింది విందుకే. మరొకడైతే ఎగిరి గంతేసి వెళ్ళే పిలుపు. ఇతను మాత్రం గడ్డం గీసుకుంటూ రెండు చోట్ల తెగ్గోసుకున్నాడు.

జుంబెర్ పని బానలు కడగడం. కఖేతి ప్రాంతంలో వైన్‌ని పీపాల్లో పెట్టేది తరవాత వచ్చిన వాళ్ళు. అసలు పద్ధతి వేరు. మనిషి దిగితే మునిగిపోయేంత మట్టి బానల్ని, క్వెవ్రీలంటారు వాటిని, మూతిదాకా భూమిలో పాతేసి, ద్రాక్షరసాన్ని తొక్కూ గింజలతో సహా అందులో పోసి, చలికాలమంతా మూసి పెడతారు. పాతిన బానని పైకి తీసి కడిగే వీలు లేదు కదా, మనిషే లోపలికి దిగాలి. ఒక సన్నటి మనిషి, చెర్రీ బెరడు కట్టిన కుంచె, బూడిద, వేడినీళ్ళు, సగం రోజు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో సగం బానల్లోకి దిగింది జుంబెరే.

అయితే తోమడం ఎవడైనా తోముతాడు. అసలు సంగతి ఆ తరవాత ఉంది. ఆఖరిసారి పోసిన మంచినీళ్ళని గోడలన్నిటికీ తగిలేలా తిప్పి, అడుక్కి చేరినవాటిని మట్టిగిన్నెతో ముంచుకుని పైకొచ్చి, ఇంటివాళ్ళ కళ్ళముందు కడిగినవాడే తాగాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉంటే "శుభ్రం" అంటాడు. ఎక్కడన్నా పులుపు జీర తగిలినా, ముక్కవాసన వచ్చినా, నోరు మూసుకుని మళ్ళీ దిగుతాడు. ఆ ఒక్క మాట నమ్మి ఇంటివాళ్ళు ఏడాది పంట అందులో పోస్తారు. అందుకని ఆ గిన్నె తాగేదాకా అతను పచ్చి మంచినీళ్ళు తప్ప ఏదీ నోట పెట్టకూడదు. వెల్లుల్లి కూడదు, పొగాకు కూడదు, సారా అసలే కూడదు.

కిందటి సెప్టెంబరులో జుంబెర్ నోట పెట్టాడు.

అదీ ఎవరికోసం? తమాజ్ కోసం. తమాజ్ ఎతేరి మొగుడు, జుంబెర్‌కి చిన్నప్పటి నుంచీ ప్రాణస్నేహితుడు. జూలైలో తోటలో తీగలకి పురుగుమందు కొడుతూ కొడుతూనే కూలిపోయాడు. పంట కోసే వేళకి ఇంట్లో మిగిలింది ఎతేరీ, ఇరవై రెండేళ్ళ కొడుకు బాకుర్. ఆ రోజు పొద్దున జుంబెర్ తెల్లద్రాక్ష బాన కడిగాడు, ఆఖరి నీళ్ళు తాగాడు, శుభ్రం అన్నాడు. దానికి వంక పెట్టడానికి లేదు. మధ్యాహ్నం ఎర్రద్రాక్ష బానలో దిగాడు. సగం పనిలో ఊపిరి తీసుకుందామని పైకొచ్చేసరికి బానలు పాతిన కొట్టుగదిలో నల్లబట్టలతో ఎతేరి నిలబడి ఉంది, ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో చాచా సీసా. చాచా అంటే ద్రాక్షపిప్పితో కాచిన సారా. గొంతులోంచి దిగుతుంటే అది వెళ్ళే దారంతా తెలుస్తుంది.

"అన్నయ్యా, ఇవాళ ఆయన పుట్టినరోజు. ఉండుంటే యాభై తొమ్మిది. ఒక్క గ్లాసు పుచ్చుకో."

"ఇంకా ఆఖరి నీళ్ళు తాగలేదు, ఎతేరమ్మా."

"ఆయన పేరు చెప్పి ఈ కొట్లో నువ్వు తాగకపోతే ఇంకెవరు తాగుతారు?"

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఓదార్పు మాట చెప్పి తప్పించుకునేవాడేమో. పోయినవాళ్ళ పేరున ఇచ్చిన గ్లాసు వద్దనడం ఆ ఊళ్ళో చెంపదెబ్బ కొట్టడంతో సమానం. తాగాడు. పోయినవాళ్ళ దగ్గర ఆగిపోతే అది ఇంకా అరిష్టం, వెంటనే బతికున్నవాళ్ళ పేరున తాగాలి. బాకుర్ పేరున రెండోది. రెండంటే సరిసంఖ్య, సరిసంఖ్య సమాధుల దగ్గరికి తీసుకెళ్ళే పూలకి. కాబట్టి ఇల్లు చల్లగా ఉండాలని మూడోది. ఈ ఆచారాలున్నాయే, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తాయి, వచ్చి మనిషిని ఏట్లో దింపి ఒడ్డున కూచుని చూస్తాయి.

మళ్ళీ దిగాడు. బాన భుజం కింద లోపలివైపు రాసే తేనెమైనం పూత అరచెయ్యంత మేర లేచిపోయి, వేళ్ళకి గరుగ్గా తగిలింది. అక్కడ ఇంకోసారి తోమాలి అనుకున్నాడు. తోమాడా? ఈ రోజుకీ గుర్తు లేదు. ఆఖరి నీళ్ళు పైకి తెచ్చి తాగితే నాలుక మీద మంట తప్ప ఏమీ తెలియలేదు. తెల్లారేదాకా ఆగి, శుద్ధిగా మళ్ళీ రుచి చూడాలి. అది అతనికి తెలుసు. కానీ బుట్టల్లో ద్రాక్ష ముసిరిన కందిరీగలతో ఎదురుచూస్తోంది, అలజాని నది మీద మబ్బు నల్లగా దిగుతోంది, బాకుర్ చేతులు మోచేతిదాకా మడుచుకుని నిలబడ్డాడు.

"పొయ్యమంటావా, మావయ్యా?"

"శుభ్రం," అన్నాడు జుంబెర్.

ఆ మాట చలికాలమంతా అతన్ని నిద్రపోనివ్వలేదు. రసం పొంగే రోజుల్లో తొక్కు పైకి తేలుతుంది, దాన్ని కర్రతో కిందికి తోస్తూ ఉండాలి, లేకపోతే పులిసిపోతుంది. బాకుర్ రోజుకి నాలుగుసార్లు తోసేవాడు. జుంబెర్ ఏదో వంకన రోజూ ఆ కొట్టు గుమ్మంలోకి వెళ్ళి గాలి పీల్చేవాడు. పొంగే వాసనలో మంచీ చెడూ తెలిసి చావదు. చెబుదామని నోటిదాకా వచ్చేది. తేలు కుట్టిన దొంగ కేక పెట్టగలడా? రేపు చెబుదాం, మూత వెయ్యకముందు చెబుదాం అనుకుంటుండగానే మూత పెట్టేశారు, పైన తడిమట్టి మెత్తేశారు.

*

ఆదివారం అతను వెళ్ళేసరికి పెరట్లో ద్రాక్షకొమ్మల నిప్పుల మీద మాంసం కాలుతోంది. తమాజ్ వాళ్ళ అన్న అంజోర్ అప్పటికే వచ్చి కొట్టు మధ్యలో, కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. భారీ మనిషి, భారీ గొంతు. విందుల్లో పెద్దరికం ఎప్పుడూ ఆయనదే, ఆయన గ్లాసెత్తి మాట చెప్పనిదే ఎవరూ తాగరు.

"రావోయ్ జుంబెర్! ఏంటీ, ఇంకా చిక్కిపోయావ్? మీ ఆవిడ తిండి పెట్టడం మానేసిందా?"

"పెడితే మీ బానల్లో ఎవరు పడతారు, అంజోరన్నా?"

అందరూ నవ్వారు. జుంబెరూ నవ్వాడు, నవ్వు మెడ దాటి కిందికి దిగలేదు.

ఎందుకంటే అంజోర్ వచ్చింది ఉత్త రుచి చూడ్డానికి కాదు. తోట కాగితాలు పెద్దవాడిగా ఆయన పేరునే ఉన్నాయి. తమాజ్ పోయినప్పుడే అందరి ముందూ చెప్పాడు: ఈ ఒక్క ఏడు బాకుర్‌ని చేసుకోనిస్తాను. వైన్ వైన్‌లా ఉంటే తోట వాడిదే, కాగితం రాసిచ్చేస్తా. లేదంటే నా తోటలో కలుపుకుంటా, వాణ్ణి రుస్తావిలో మా బావమరిది వెల్డింగు షెడ్డుకి పంపిస్తా. ఆయన దుర్మార్గుడేం కాదు. చెడ్డ వైన్ చేసేవాడి చేతిలో మంచి తోట ఉండకూడదని నమ్మే మనిషి, అంతే.

"ముందు తెల్లది," అన్నాడు అంజోర్.

బాకుర్ మోకాళ్ళ మీద కూచుని మట్టి గీకాడు, రాతిమూత జరిపాడు. వాడి మెడ మీద చెమట పట్టింది. సొరబుర్ర గరిటె ముంచి, నలుగురి మట్టిగిన్నెల్లో పోశాడు. పాలు పోయని చిక్కటి టీ రంగు. తెల్లద్రాక్షే, ర్కత్సితెలి రకం, తొక్కుతో ఆరు నెలలు ఉన్నాక ఇంక తెలుపెక్కడిది?

అంజోర్ మొదటి గుక్కతో గిన్నె కడిగి నేలమీద పారబోశాడు. రెండోసారి పోయించుకుని, ముక్కు లోపలికంటా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఒక గుక్క నోట్లోకి తీసుకుని నమిలాడు, నిజంగానే నమిలాడు, ముద్దని నమిలినట్టు. ఎంతసేపటికీ మింగడే. ఎతేరి పళ్ళెం పట్టుకుని ఒకడుగు ముందుకేసింది.

"ఆప్రికాట్ ఎండుతున్న డాబా మీదికెక్కినట్టుంది," అన్నాడు చివరికి. "ఆ తరవాత వాల్‌నట్ పైపొర వగరు. నాలుక పక్కలు పట్టుకుని వదలట్లేదు. తేనె వాసనే కానీ తీపి లేదు. ఒరేయ్ బాకుర్, దగ్గరికి రా." వాడు వెళ్తే నుదుటి మీద ముద్దు పెట్టాడు. "మీ నాన్న చేసినదానికన్నా వగరు ఒక పిసరు ఎక్కువుంది. నాకదే బాగుంది. వాడు బతికుంటే ఒప్పుకునేవాడు కాదులే!"

జుంబెర్ కూడా తాగాడు. ఎంత బాగుందో! వగరు తగ్గుతున్నకొద్దీ ఎండిన పూలవాసన ఒకటి మెల్లగా లేచింది. మింగాక కూడా నోట్లో ఆ రుచి కదలకుండా కూచుంది. ఏడు నెలల్లో మొదటిసారి అతనికి గుండె తేలికపడింది. ఇది ఇంత బాగుంటే అదీ బాగానే ఉంటుంది, నేనే పిరికిపీనుగలా కుమిలిపోయాను, అనుకున్నాడు. పక్కనుంచి ఎతేరి, "చూశావా అన్నయ్యా, నీ చేతి చలవ," అంటే నవ్వేశాడు కూడా.

"ఇక ఎర్రది," అన్నాడు అంజోర్.

మూత జరిపిన క్షణానే జుంబెర్‌కి తెలిసిపోయింది. రుచి చూడక్కర్లేదు. ఈ ఎర్రద్రాక్ష, సపెరవి, తాగినవాడి పళ్ళకి కూడా రంగు వేస్తుంది, దాని వాసన మల్బరీ పళ్ళు నలిపినట్టు కొట్టుకుని రావాలి. వచ్చింది తడిసిన గోనెసంచి వాసన, దాని వెనక వెనిగర్ ఘాటు.

బాకుర్ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"పొయ్యరా," అన్నాడు అంజోర్. పోశాడు. అంజోర్ నోట్లోకి తీసుకుని, ఈసారి నమల్లేదు. తలుపు దగ్గరికెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. మీసం తుడుచుకున్నాడు.

"పేరేమో తమాజ్ గారి కొట్టు, బానలో చూస్తే పచ్చడికి పనికొచ్చే పులుపు," అన్నాడు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని. తొక్కు ఎన్నిసార్లు తోశావురా?"

"నాలుగుసార్లు, పెదనాన్నా. రోజూ."

"రాత్రి పడుకునేముందు?"

"తోశాను."

"అబద్ధం. తేలిన తొక్కు పులిసింది. కుర్రాడివి, ఒళ్ళు బరువెక్కి పడుకుని ఉంటావు. తెల్లది దేవుడు చేశాడు, ఎర్రది నువ్వు చేశావు."

"ఒట్టు, పెదనాన్నా! నాన్న మీద ఒట్టు!"

"పోయినవాణ్ణి లాగకు."

బాకుర్ తల్లివైపు చూశాడు. ఆ చూపుకి ఆవిడ ఒక్క మాట అని ఉంటే చాలు. ఏం చేస్తుంది, ఆవిడకీ నమ్మకం సడలిపోయింది. "మీ నాన్న గడియారం గంట పెట్టుకుని అర్ధరాత్రి కూడా లేచేవాడురా," అంది నీరసంగా. "నీకా చెయ్యి రాలేదేమో. మీ పెదనాన్న చెప్పినట్టే విను. రుస్తావి ఏమంత దూరం కాదు."

ఆ మాటతో బాకుర్ ముఖంలో రంగు పోయింది. గరిటె మూతరాయి మీద పెట్టాడు, జాగ్రత్తగా, ఇంకెప్పుడూ దాంతో పని లేనట్టు.

జుంబెర్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కరు కూడా అతనివైపు చూడలేదు. అనుమానమే లేదు ఎవరికీ, ముప్పై నాలుగేళ్ళ పేరు మరి. నిజంగానే కుర్రాడు ఒక పూట నిద్రపోయి ఉండొచ్చు కదా, అంది అతని బుర్ర. నువ్వు చూశావా? నీకు మాత్రం ఖాయంగా తెలుసా? నోరు విప్పితే ఇంకో ఇంటివాడు నిన్ను బానలోకి దింపుతాడా? ఈ వయసులో ఇంకేం పని చేస్తావు? ఇవన్నీ నిజాలే. కానీ బాకుర్ గరిటె పెట్టిన తీరు కళ్ళముందునుంచి పోవట్లేదు.

మూలన, తమాజ్ తాతల కాలంనాటి చిన్నబాన ఒకటుంది. మొక్కుబడి బాన. ఏటా ఎర్రరసంలో మొదటి కుండ అందులో పోస్తారు. సెయింట్ జార్జి పండగనాడే తెరవాలి, పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుని తాగాలి. దాన్ని బయటివాళ్ళ చెయ్యి ముట్టుకోకూడదు, ఇంటివాళ్ళే కడుక్కుంటారు.

"అది తెరవండి," అన్నాడు జుంబెర్.

అంజోర్ తిరిగాడు. "ఏంటీ?"

"మొక్కుబడి బాన తెరవండి."

"మతి పోయిందా నీకు? పండగకి ఇంకా మూడు వారాలుంది. ఉన్న దరిద్రం చాలకనా?"

"రెండిట్లోనూ ఒకటే ద్రాక్ష, అంజోరన్నా. ఒకే రోజు పోశారు. తొక్కు తోసింది ఒకటే చెయ్యి. తేడా ఒక్కటే. దాన్ని బాకుర్ కడిగాడు. దీన్ని నేను కడిగాను."

పెరట్లో నిప్పుల మీద కొవ్వు చిటపటలాడుతుంటే లోపలికి వినబడింది. ఎతేరి పళ్ళెం కింద పెట్టింది.

"అయితే?" అన్నాడు అంజోర్.

"ఆఖరి నీళ్ళు తాగినప్పుడు నా నోరు శుద్ధిగా లేదు. రుచి తెలీలేదు నాకు. భుజం కింద గరుగ్గా తగిలిన చోట మళ్ళీ తోమానో లేదో కూడా గుర్తు లేదు. తెలీకుండానే శుభ్రం అన్నాను."

"తాగి దిగావా బానలోకి?"

"తాగాను."

"ఎవడు పోశాడు నీకు?"

"నా నోట్లో నేనే పోసుకున్నా. చాలా?"

ఎతేరి చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఆవిడవైపు చూడకుండా ఉండటానికి జుంబెర్ ఆ మూలనున్న బానవైపే చూస్తూ నిలబడ్డాడు.

పండగకి ముందు తెరవడం పాపం. తెరవకుండా తీర్పు చెప్పడం ఇంకా పాపం. చివరికి అంజోర్ గోడకున్న దేవుడి పటంవైపు చూసి శిలువ గుర్తు వేసుకుని, "దోషం నా మీద వెయ్యి స్వామీ," అని, "తియ్యరా," అన్నాడు.

బాకుర్ మట్టి గీకుతున్నంతసేపూ జుంబెర్ దేవుణ్ణి ప్రార్థించాడు. ఏమని? సిగ్గుచేటు, చెప్పుకోకూడదు, కానీ చెప్పక తప్పదు. అది కూడా పులిసిపోయి ఉండాలని ప్రార్థించాడు. పులిసిపోతే తప్పు కుర్రాడిది, తన నాలుకకున్న పేరు మాత్రం అలాగే మిగులుతుంది. నిజం చెప్పిన నోటితోనే ఆ ప్రార్థన చేశాడు. మనిషి అంతే.

మూత లేచింది. మల్బరీ వాసన కొట్టంతా నిండిపోయింది.

గిన్నెల్లో పోస్తే నల్లగా ఉంది, అంచు దగ్గర మాత్రం ఊదారంగు. అంజోర్ తాగాడు. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగాడు. పుల్లరేగుపండు, దానిమ్మ తొక్క, ఎక్కడో దూరంగా పొగ. ఇవన్నీ ఆయన చెప్పలేదు, జుంబెరే తన గిన్నెలో చూసుకున్నాడు. అలాంటి సపెరవి తమాజ్ కూడా ఒక్కసారే చేశాడు, బాకుర్ పుట్టిన ఏడు. ప్రతి గుక్కా అతనికి కత్తిపోటే. ఎంత బాగుంటే అంత తప్పు తనది. పారబొయ్యాల్సిన ఆ పెద్దబాన నిండా ఉండాల్సింది ఇదే.

అంజోర్ గిన్నె దించి బాకుర్ భుజం మీద చెయ్యి వేశాడు. ముక్కు ఎగబీల్చి, "తోట నీది," అన్నాడు. "రేపే కాగితం రాయిస్తా. నేను నోరు జారాను. పెద్దవాణ్ణి, మనసులో పెట్టుకోకు." అప్పుడు జుంబెర్ వైపు తిరిగాడు, గొంతు మారిపోయింది. "నీకు తమాజ్ స్నేహితుడు కదరా? వాడు పోయిన ఏడాదే, వాడి బానలోకి, తాగి దిగడానికి నీకు కాళ్ళెలా వచ్చాయి? కుర్రాడి పీక కోస్తుంటే గోడకానుకుని చూశావు కదరా! రేపట్నుంచీ ఈ ఊళ్ళో ఎవడు నిన్ను కొట్లోకి రానిస్తాడో నేనూ చూస్తా."

"పోసింది నేను, బావగారూ," అంది ఎతేరి.

అందరూ ఆవిడవైపు తిరిగారు.

"ఆయన పుట్టినరోజని నేనే తెచ్చాను. వద్దన్నాడు. నీళ్ళు తాగలేదన్నాడు. అయినా పోశాను, మూడు గ్లాసులు. ఇందాకేమో నా బిడ్డకి చెయ్యి రాలేదని నా నోటితో నేనే అన్నాను." ఆవిడ అప్పుడు ఏడ్చింది, సెప్టెంబరులో ఏడవనిదంతా కలిపి.

అంజోర్ మీసం లాక్కున్నాడు. పోయిన తమ్ముడి పేరున పోసిన గ్లాసు. ఆయనే అయినా కాదనలేడు.

ఈ మాటతో తన బరువు సగం దిగుతుందని జుంబెర్ అనుకున్నాడు. దిగనివ్వలేదు బాకుర్. వాడు గొంతు కూడా పెంచలేదు.

"అమ్మ పోసింది, నువ్వు తాగావు. సరే. నేనైనా తాగుతాను. తరవాత చెప్పొచ్చుగా, మావయ్యా? పొయ్యమంటావా అని అడిగాను నిన్ను. రేపటిదాకా ఆగరా అంటే ఆగనా? వానలో తడిసినా ఆగేవాణ్ణి."

జుంబెర్ తన గిన్నె గోడ పక్కన పెట్టాడు.

"రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడివి," అన్నాడు బాకుర్. "నేను తొక్కు తోస్తుంటే చూసేవాడివి. నాన్న లేడని నన్ను కనిపెట్టుకుని ఉండటానికి వస్తున్నావనుకున్నాను."

ఆ తరవాత విందు జరిగింది. కాలిన మాంసం కాలినట్టు పారేస్తారా? అంజోర్ గ్లాసెత్తి తమాజ్ పేరు చెప్పాడు, అందరూ తెల్లది తాగారు. జుంబెర్ అప్పటికే గేటు దాటి వెళ్ళిపోయాడు. ఎవరూ ఉండమనలేదు.

*

వార్త ఊరంతా పాకడానికి ఒక పూట పట్టింది. ఎర్రవైన్ పులుపుని ఎతేరి బిందెలకొద్దీ పంచిపెట్టింది. ఆ ఏడు ఊళ్ళో ఎవరూ వెనిగర్ కొనుక్కోలేదు. ప్రతి ఇంట్లో పచ్చడి వేసుకున్నప్పుడల్లా జుంబెర్ పేరు తలుచుకునే ఉంటారు. అతను కుంచెలు కడిగి అటక మీద పడేశాడు.

మే నెలలో ఒక పొద్దున బాకుర్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఎర్రబాన ఖాళీ చేశాను. కడగాలి."

జుంబెర్ నమ్మలేకపోయాడు. "నన్నా?"

"నువ్వు చెడగొట్టావు, నువ్వే కడగాలి. ఇంకొకడికి ఆ భుజం కింద గరుకు ఎక్కడుందో ఏం తెలుస్తుంది?"

ఆ రోజు జుంబెర్ కడిగినట్టు జీవితంలో ఎప్పుడూ కడగలేదు. బూడిదతో మూడుసార్లు, సున్నపు తేటతో రెండుసార్లు, వేడినీళ్ళతో లెక్కలేదు. భుజం కింద పాత పూత గీకేసి, తేనెమైనం కరిగించి కొత్తగా రాశాడు. ఎతేరి మధ్యాహ్నం ఒకసారి కొట్టు తలుపు దగ్గరిదాకా వచ్చింది, చేతుల్లో ఏమీ లేకుండా, చూసి వెళ్ళిపోయింది. నాలుక ఎండి అంగిట్లో అతుక్కుపోతున్నా, దాహానికి నాలుగు గుక్కల మంచినీళ్ళు తప్ప అతను ఏదీ ముట్టలేదు.

సాయంత్రం అయింది. ఆఖరి నీళ్ళు పోసి తిప్పాడు, గిన్నెతో ముంచాడు, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఒక చుక్క ఒలకకుండా పైకొచ్చాడు. బాకుర్, ఎతేరి నిలబడి ఉన్నారు. జుంబెర్ గిన్నె పెదాల దగ్గరికి ఎత్తాడు.

బాకుర్ చెయ్యి చాచి గిన్నె తీసుకున్నాడు. లాక్కోలేదు, మర్యాదగానే తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, వాళ్ళ పెదనాన్న లాగే నమిలాడు, మింగాడు. మిగతాది కూడా ఆఖరి చుక్కదాకా తాగేశాడు.

"శుభ్రం," అన్నాడు.

ఖాళీ గిన్నె మూతరాయి మీద బోర్లించి, తల్లితో కలిసి ఇంట్లోకి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "కాళ్ళు కడుక్కుని రా మావయ్యా, అమ్మ భోజనం పెడుతుంది," అన్నాడు.

జుంబెర్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచీ అంత శుద్ధిగా ఉంచుకున్న నోరు, ఎవరికీ దాంతో పని పడలేదు.